కుండీ వదలండి, కొమ్మ తీసుకెళ్లండి

గత జులైలో తెలుగు తరగతిలో ‘మా ఇంటి మొక్క’ గురించి పది వాక్యాలు రాయమన్నాం. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకే వాక్యం రాసి ఇచ్చింది: “మా ఇంట్లో మొక్కలు లేవు, ఎందుకంటే మాకు ట్రాన్స్‌ఫర్లు అవుతాయి.” ఎర్ర సిరాతో దిద్దడానికి అందులో ఏ తప్పూ దొరకలేదు. “ఒక కాక్టస్ అయినా పెంచుకోవచ్చు కదా, దానికి ఏమీ అక్కర్లేదు” అనబోయి ఆగిపోయాం. ఆ మాట నిజం కాదని మాకు బాగా తెలుసు. దాన్ని నమ్మే మొదటి మూడు మొక్కల్నీ చంపుకున్నాం.

ఇక్కడ ‘మేము’ అంటే ఒక తెలుగు టీచరు, ఆవిడ ట్రంకుపెట్టె, ప్రస్తుతం భిలాయి క్వార్టర్ బాల్కనీలో ఉన్న తొమ్మిది కుండీలు. పన్నెండేళ్లలో ఇది ఐదో ఊరు.

‘ఏమీ అక్కర్లేదు’ అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో మా పక్కింటి పిన్నిగారి గుమ్మం చూస్తే అర్థమవుతుంది. భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు మొదలైంది 1959లో. ఆ రోజుల్లోనే పిన్నిగారి మామగారు శ్రీకాకుళం నుంచి పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఊరు మారినా అలవాటు మారలేదు. దిష్టి తగలకుండా వాళ్ల గుమ్మానికి కలబంద మొక్క వేళ్లతో సహా తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది. “దీనికేటి కావాలమ్మా? మట్టి లేదు, నీళ్లు లేవు. అయినా బతికే ఉంది కదా” అంటారావిడ. నిజమే, నెలల తరబడి బతికే ఉంది. కానీ దగ్గరికి వెళ్లి చూడండి. ఆకులు సన్నబడ్డాయి, కొసలు ఎండాయి. తన ఆకుల్లో దాచుకున్న నీటినే కొద్దికొద్దిగా ఖర్చుపెట్టుకుంటోంది. అదే మొక్క పిలకను మేము అడిగి తెచ్చుకుని కుండీలో పెడితే ఏడాదిలో మూరెడు పొడుగు ఆకులు వేసింది, చుట్టూ ఐదు పిల్లల్ని పెట్టింది. బతికి ఉండటాన్నీ పెరగటాన్నీ మనం ఒకటే అనుకుంటున్నామని మాకు అప్పుడు అనిపించింది. మీ గురించి కూడా పెద్దవాళ్లు “వీళ్లు ఎక్కడైనా ఇట్టే అడ్జస్ట్ అయిపోతారు” అంటుంటారు కదా. విన్నప్పుడల్లా మాకు ఆ గుమ్మం గుర్తొస్తుంది.

సరే, మొక్కల్లోకి వద్దాం. నీటిని ఒంట్లో దాచుకునే కండగల మొక్కలన్నీ సక్యులెంట్లు. వాటిలో ఒక కుటుంబం కాక్టస్. కాక్టస్‌లన్నీ సక్యులెంట్లే గానీ, సక్యులెంట్లన్నీ కాక్టస్‌లు కావు. మన తెలుగులో మాత్రం నాగజెముడు, కాడజెముడు, ఆకుజెముడు అన్నీ జెముళ్లే. వృక్షశాస్త్రం ప్రకారం ఇందులో నాగజెముడు ఒక్కటే కాక్టస్. అది అమెరికా ఖండాల నుంచి వచ్చింది. మిగతా రెండూ యుఫోర్బియాలు, గిల్లితే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, కాబట్టి గిల్లి చూడకండి. ముల్లు మొదలు చూస్తే చాలు. మెత్తని నూగుతో ఉన్న చిన్న చుక్కలోంచి ముళ్లు పుట్టుకొస్తే అది కాక్టస్. సముద్రాలు దాటి వచ్చిన మొక్కకు కొత్త పేరు వెతక్కుండా, పడగలా ఉందని ‘నాగ’ అని చేర్చి మన జెముడు ఇంటిపేరే ఇచ్చేశారు మనవాళ్లు. బదిలీ మీద వచ్చినవాళ్లని ఇలా కలుపుకోవడం తెలుగు టీచర్లకు సహజంగానే నచ్చుతుంది.

పప్పులో వేసుకునే గంగవాయిల కూర, కొన్నిచోట్ల పావిలి కూర అంటారు, అది కూడా సక్యులెంటే. కుండీలో వేస్తే కూరకూ వస్తుంది.

అన్నిటికన్నా మాకు ఇష్టమైనది రణపాల. దీని ఆకు అంచున ఉండే నొక్కుల్లోంచి చిట్టి మొక్కలు పుడతాయి. దీని వెనక ఒక బదిలీ ఉద్యోగి కథ కూడా ఉంది. బెంజమిన్ హేన్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో తూర్పు గోదావరి ప్రాంతంలోని సామర్లకోట తోటను చూసుకున్నాడు. తర్వాత బెంగళూరు, మద్రాసు. రణపాల ఆకు పొద్దున కొరికితే పుల్లగా, మధ్యాహ్నానికి ఏ రుచీ లేకుండా, సాయంత్రం కాస్త చేదుగా ఉందని ఆయన గమనించి లండన్‌కు ఉత్తరం రాశాడు. అక్కడి లిన్నియన్ సొసైటీ దాన్ని 1815లో అచ్చువేసింది. కారణం తర్వాతి కాలపు శాస్త్రవేత్తలు విప్పారు. ఎండలో నీరు ఆవిరైపోకుండా ఈ మొక్కలు పగలు ఆకు రంధ్రాలు మూసుకుంటాయి. రాత్రి చల్లబడ్డాక తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని, ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి. తెల్లవారాక వెలుతురు సాయంతో ఆ నిల్వనే పిండిపదార్థంగా మార్చుకుంటాయి. అందుకే పొద్దుటి పులుపు. కాక్టస్‌లు కూడా ఇదే పద్ధతిలో బతుకుతాయి. (రుచి చూసే పని హేన్ దొరగారు చేసేశారు, మీరు చేయనక్కర్లేదు. రణపాలలో విషగుణం ఉంది.)

ఇప్పుడు భిలాయి సంగతి. ఇక్కడ మా మొదటి మొక్క చచ్చింది ఎండకు కాదు, ప్రేమకు. రోజూ ఒక గ్లాసు నీళ్లు పోశాం. అదీ ఇక్కడివాళ్లు కన్హార్ అనే నల్లమట్టిలో! ఆ మట్టి తడిని పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. వేళ్లు కుళ్లి, పైకి పచ్చగా ఉన్న కాక్టస్ ఒకరోజు ముట్టుకోగానే మెత్తగా పక్కకు ఒరిగిపోయింది. ఇప్పుడు మేము వేసేది ఒక పాలు తోటమట్టి, ఒక పాలు ముతక ఇసుక లేదా ఇటుక ముక్కలు, అందులో సగం పశువుల ఎరువు. కుండీ అడుగున చిల్లు తప్పనిసరి. గాజు గిన్నెల్లో రంగురాళ్ల మధ్య పెట్టి అమ్మేవి కొనకండని మా సలహా. ఎర్రబంతి తలపై పెట్టుకున్నట్టుండే ‘మూన్ కాక్టస్’ మీద కూడా మాకు మోజు లేదు. ఆ ఎర్ర భాగంలో పత్రహరితం ఉండదు. కింద అంటుకట్టిన వేరే పచ్చ కాక్టస్ దానికి వండి పెడుతుంది. ఆ కాపురం సాధారణంగా కొన్నేళ్లకు మించి నిలవదు.

నీళ్లు తేదీ చూసి పోయకూడదు, మట్టి చూసి పోయాలి. పుల్ల గుచ్చితే పొడిగా బయటికి రావాలి. అప్పుడు అడుగునుంచి కారేదాకా పోసి, మళ్లీ పూర్తిగా ఆరేవరకూ వదిలేయాలి. రోజూ చెంచాడు చిలకరించడం అటూ ఇటూ కాని పని. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా వర్షం తగలకుండా సన్‌షేడ్ కిందికి జరపండి. డిసెంబరు, జనవరుల్లో దాదాపు నీళ్లే వద్దు. మే నెలలో 44, 45 డిగ్రీల మధ్యాహ్నం ఎడారి మొక్కకు కూడా నీడ కావాలి, ముఖ్యంగా చిన్న కుండీలో ఉన్నప్పుడు. ఎడారిలో దాని వేళ్లు నేలలో ఉంటాయి, ఇక్కడ కుండీతోపాటు కాగిపోతాయి. కూలర్ కింద మాత్రం పెట్టకండి. మా రెండో మొక్క రోజంతా కారే కూలర్ నీళ్లకే పోయింది.

మూడోది లారీలో పోయింది. కుండీతో సహా సామాన్ల మధ్య కట్టించాం. కొత్త ఊళ్లో పెంకులు, మట్టి, నలిగిన కాండం దిగాయి. మూటలు విప్పకుండానే కూర్చుని ఏడ్చామంటే మీరు నవ్వుతారు. మీలో కొందరు నవ్వరని కూడా తెలుసు. సి.ఐ.ఎస్.ఎఫ్., రైల్వే, బ్యాంకు... అమ్మానాన్నల ఉద్యోగం ఏదైనా, లారీలో ఏదో ఒకటి పోగొట్టుకోని వాళ్లు మన స్కూల్లో తక్కువ.

అందుకే మా అభిప్రాయం ఇది: ట్రాన్స్‌ఫర్ ఉంది కాబట్టి మొక్క వద్దు అనడం కన్నా, కుండీని ఉన్నచోటే వదిలి కొమ్మను తీసుకెళ్లడం మేలు. జెముళ్లను కోసిన వెంటనే నాటితే కుళ్లుతాయి. కోసిన చోట వారంపాటు నీడలో ఆరి గట్టిపడాలి. ఖాళీ చేయడం, రైలు ప్రయాణం, క్వార్టర్ దొరికేదాకా గెస్ట్‌హౌస్... మనకు ఎలాగూ వారం పడుతుంది. మన ప్రయాణం అయ్యేసరికి దాని గాయం మానుతుంది. ముక్కను వార్తాపత్రికలో చుట్టి చెప్పుల డబ్బాలో పెట్టండి. నాగజెముడు నూగుముళ్లు చేతికి గుచ్చుకుంటే సెల్లోటేపు అంటించి లాగండి, కొన్ని వచ్చేస్తాయి. కలబందకు పక్కపిలక తీయాలి. పసుపు అంచున్న స్నేక్ ప్లాంటుకూ పిలకే తీయండి. ఆకు ముక్క నాటితే మొక్క వస్తుంది గానీ అంచు పోతుంది. రణపాలకు నోటుపుస్తకం చాలు, రెండు పేజీల మధ్య ఒక ఆకు.

దిగగానే ఎండలో పెట్టేయకండి. చీకటి డబ్బాలోంచి వచ్చిన కాండం కాలి తెల్లమచ్చ పడుతుంది, ఆ మచ్చ మళ్లీ పచ్చబడదు. మొదట వెలుతురున్న నీడ, తర్వాత పొద్దుటి ఎండ గంటసేపు, అలా రెండు మూడు వారాలు. కొత్త పిల్లలు చేరిన రోజే స్టేజీ ఎక్కించి పాట పాడమనే అలవాటు మాకూ ఉండేది. ఈ మొక్కల పుణ్యాన మానేశాం.

మరి వదిలిన కుండీ ఎవరికి? తర్వాత వచ్చేవాళ్లకి. మేము ఈ క్వార్టర్‌లోకి వచ్చేసరికి వెనక గోడ పక్కన మా నడుమెత్తు నాగజెముడు ఉంది. ఎవరు నాటారో తెలియదు. ఈ వేసవిలో పదకొండు పసుపు పువ్వులు పూసింది.

ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి తెలుగు నోటుపుస్తకంలో ఇప్పుడొక రణపాల ఆకు ఉంది. అంచున మూడు మొలకలు వచ్చాయని నిన్న చూపించింది, మట్టిలో పెట్టాల్సిన వేళయింది. వానలు తగ్గాక, అక్టోబరు శనివారాల్లో స్టాఫ్‌రూమ్ కిటికీ దగ్గరికి వస్తే మీకూ ముక్కలిస్తాం. కుండీ మీరే తెచ్చుకోవాలి. పాత మగ్గు అయినా ఫర్వాలేదు, అడుగున చిల్లు మాత్రం ఉండాలి.