బండి మనది, మరమ్మతు ఎవరిది?

ఈ నెల సంపాదకీయం గిట్టుబాటు ధర గురించో, కౌలు కార్డుల గురించో ఉంటుందని మీరు అనుకుని ఉంటారు. అవి లోపలి పేజీల్లో ఉన్నాయి. ఇక్కడ మాత్రం ఒక పాత పికప్పు బండికి దానికంటే కొత్త డ్యాష్‌బోర్డు, సీట్లు బిగించుకున్న సంగతి రాస్తున్నాం. సంఘం పత్రికలో మెకానిక్ షెడ్డు కబుర్లేమిటని నవ్వుకోకండి. ఆ షెడ్డులో రెండున్నర రోజులు కూర్చున్నాక మాకు అర్థమైన విషయం రేపు మీ ట్రాక్టరుకీ వర్తిస్తుంది.

మేం నూజివీడు వైపు మామిడి రైతులం. అయిదుగురం కలిసి 2008 మోడల్ పికప్పు ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కున్నాం. కాయ కోసిన రోజు కిరాయి బండి కోసం ఇంకొకరి గుమ్మం ముందు నిలబడే బాధ దాంతో తప్పింది. ఇంజను ఇప్పటికీ గట్టిది. క్యాబిన్ మాత్రం చూడబుద్ధి కాదు. ఎండకు డ్యాష్‌బోర్డు నెర్రెలిచ్చింది. డీజిల్ ముల్లు ఎప్పుడో పడిపోయింది, ట్యాంకులో పుల్ల పెట్టి చూసుకోవడమే. డ్రైవరు సీటులో స్ప్రింగులు పైకి వస్తే మీద గోనె సంచి మడిచి వేశాం. ఇంజను వేడి చూపించే ముల్లు కదలదు. బండి నడుస్తోంది కదా, ముల్లుతో పనేముంది అని మేమే అన్నాం. ఆ తప్పు మాదే.

పోయిన వేసవిలో ఒక రాత్రి బంగినపల్లి కాయ వేసుకుని నున్న మార్కెట్‌కి బయలుదేరితే ఆగిరిపల్లి దాటాక బండి ఆగిపోయింది. రేడియేటర్ హోస్ పైపు ఎక్కడో పగిలి నీళ్ళన్నీ కారిపోయాయి. ముల్లు పనిచేసి ఉంటే కుర్రాడు ముందే ఆపేవాడు. పనిచేయలేదు కాబట్టి పొగ వచ్చేదాకా తోలాడు. హెడ్ గ్యాస్కెట్ కాలిపోయింది. తెల్లవారాక వేరే బండి మాట్లాడుకుని, కాయ దించి మళ్ళీ ఎక్కించి, మార్కెట్‌కి చేరేసరికి మధ్యాహ్నమైంది. పొద్దున పాట అయిపోయింది. వడలిన కాయ అని ధర తగ్గించారు, పైగా తరుగు తీశారు. కాయ మీద పోయింది, కిరాయి మీద పోయింది, ఇంజను పనికి పోయింది. ఇన్ని నష్టాలకూ మూలం పనిచేయని ఒక ముల్లు.

అప్పుడు మాలో మాకు వాదన వచ్చింది. ఇది అమ్మేసి కొత్తది కొందామని ఇద్దరన్నారు. కొత్త బండి రోడ్డు మీదకు వచ్చేసరికి పది లక్షలకు అటూ ఇటూ అవుతుంది. మామిడి ఏడాదికి ఒక్కసారి డబ్బు ఇచ్చే పంట, అదీ గాలివాన రాకుంటే. ఫైనాన్సు వాళ్ళ వాయిదా మాత్రం పన్నెండు నెలలూ వస్తుంది. చివరికి ఇంజను మనదే ఉంచుకుని లోపలి సామాను మార్చుదామని తేల్చుకున్నాం. ప్రమాదంలో దెబ్బతిని తుక్కుకు వచ్చిన కొత్త మోడళ్ళ డ్యాష్‌బోర్డులు, సీట్లు విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతాయి. ఈ పనిలో అక్కడివాళ్ళ చేతివాటం తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు.

మా బండి వంశంలోదే 2021 మోడల్ డ్యాష్‌బోర్డు ఒకటి కనిపించింది. అంకెలు వెలిగే తెర, ఫోను పెట్టుకునే చోటు, మెరుపులు. మా కుర్రాడి కన్ను దాని మీదే పడింది. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "బాబాయ్ గారూ, ప్లాస్టిక్ వరకైతే కోసి, క్లాంపులు వెల్డింగు చేసి ఎలాగోలా కూర్చోబెడతాను. ఆ మీటరు మాత్రం వెలగదు. అది తీగల మాట వినదండీ, కంప్యూటరు మాట వింటుంది. మీ ఇంజనుకి కంప్యూటరే లేదాయె."

ఈ మాట కాస్త విడమరిచి చెప్పాలి. పాత బండిలో ఒక్కో ముల్లుకి ఒక్కో తీగ. ట్యాంకులో తేలే ఫ్లోటు నుంచి డీజిల్ ముల్లుకి ఒకటి, ఇంజను దగ్గర వేడి కొలిచే బిళ్ళ నుంచి ఇంకొకటి. స్పీడు ముల్లుకైతే గేర్‌బాక్సు నుంచి తిరిగే కేబులు. ఏది పాడైందో టెస్టు లైటు పట్టుకుని ఎవరైనా కనిపెట్టవచ్చు. కొత్త బండిలో సెన్సార్ల కబుర్లన్నీ ముందు ఇంజను కంప్యూటరుకు చేరతాయి. అక్కడి నుంచి మెలిపెట్టిన రెండు సన్నని తీగల మీద మీటరు బోర్డుకి వెళ్తాయి. ఆ రెండు తీగల మీద నడిచే భాష కంపెనీది. అది చదవాలంటే స్కానరు ఉండాలి, ఆ స్కానరులో కంపెనీ అనుమతించినంతే కనబడుతుంది.

చివరికి 2014 మోడల్ డ్యాష్‌బోర్డు తీసుకున్నాం. మీటరు బోర్డు, దాని వైరింగు, ఫ్యూజు పెట్టె, రెండు సీట్లు కలిపి పద్నాలుగు వేలు. కూలి ఆరు వేలు. హెడ్ గ్యాస్కెట్ పనికి అంతకంటే ఎక్కువే పోసి ఉన్నాం.

ఇలాంటి పని చేయించుకోవాలనుకునే వాళ్ళకు మేం పడ్డ తిప్పలు చెప్పడం మంచిది. మీటరు ఒక్కటే కొనకండి. దాని జోడీ సెన్సార్లు కూడా అదే బండి నుంచి తెచ్చుకోండి. మేం పాత ఫ్లోటునే ఉంచి కొత్త ముల్లు కలిపితే, ట్యాంకు అడుగంటినా సగం ఉన్నట్టు చూపించింది. పాతది ఒక లెక్కన కొలిస్తే కొత్తది ఇంకో లెక్కన చదువుతోంది. ట్యాంకు దించి ఫ్లోటు కూడా మార్చాకే సరైంది. వేడి ముల్లుకీ అంతే. స్పీడు కేబులు ఉండే చోట సెన్సారు బిగించాల్సి వచ్చింది.

తీగలు కోసే ముందు ప్రతిదానికీ ప్లాస్టరు చుట్టి దాని మీద పెన్నుతో పేరు రాయించండి. మేస్త్రికి విసుగు వస్తుంది, రానివ్వండి. మా కుర్రాడు పక్కన కూర్చుని నలభైకి పైగా చీటీలు రాశాడు. ఇప్పుడు ఆ బండి వైరింగు వాడికి కంఠతా వచ్చు. వెల్డింగు ముందు బ్యాటరీ తీగ తీసేయాలి. ఫ్యూజు లేకుండా నేరుగా కరెంటు లాగితే ఒప్పుకోవద్దు, డ్యాష్‌బోర్డు వెనకాల రాజుకున్న నిప్పు కంటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. ఎయిర్‌బ్యాగు ఉన్న స్టీరింగు చవగ్గా వస్తోందని తీసుకోకండి. ఆ పసుపు రంగు కనెక్టర్లతో ఆటలొద్దు. సీటు బోల్టులు తుప్పు పట్టిన రేకు మీద బిగిస్తే సడన్ బ్రేకు వేసినప్పుడు మనిషి సీటుతో సహా ముందుకు వస్తాడు. మేం కింద కొత్త రేకు అతికించాకే సీటు పెట్టాం.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అంటే ఇద్దరి సీట్లు తీసి ముగ్గురి సీటు వేస్తే తప్పు. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పదిహేనేళ్ళు దాటితే 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము కూడా బాగా పెరిగింది. కాబట్టి హారను, వైపరు, లైట్లు, స్పీడు ముల్లు అన్నీ చూసుకుని బండి బయటికి తీసుకోండి. ఇంకో మాట. మా పాత మీటరులో మూడు లక్షల పైచిలుకు కిలోమీటర్లుంటే, వచ్చిన మీటరు లక్షా నలభై వేలే చూపిస్తోంది. పాత లెక్క, మార్చిన తేదీ కాగితం మీద రాసి గ్లవ్ పెట్టెలో అంటించాం. రేపు ఎవరికైనా అమ్మితే ఆ కాగితం చూపించి అమ్ముతాం. కొనేవాడూ మనలాంటి రైతే అవుతాడు.

ఇక అసలు సంగతి. 2014 నాటి డ్యాష్‌బోర్డు 2008 బండికి ఎక్కింది. 2021ది ఎక్కలేదు. ఈ తేడా పొడుగు వెడల్పులది కాదు.

మా సంఘ సభ్యుడే ఒకరు, కూరగాయల రైతు, మూడేళ్ళ కిందట కొత్త పికప్పు కొన్నారు. వంగ తోట మంచి కాపు మీదున్నప్పుడు మీటరు బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. బండి పరుగు మానేసి నడక మొదలుపెట్టింది. ఊళ్ళో మెకానిక్ ముట్టుకోనన్నాడు. సర్వీసు సెంటరుకు లాక్కెళ్తే మిషను పెట్టే మనిషి సెలవులో ఉన్నాడని మూడు రోజులు ఆపారు. చివరికి తేలిందేమిటంటే ఎలుక ఒక సెన్సారు తీగ కొరికింది. అతికించడానికి పది నిమిషాలు. ఏ తీగో చెప్పడానికి మూడు రోజులు, నాలుగు అంకెల బిల్లు. ఎలుకలు పాత బండ్లలోనూ ఉండేవి, ఆ మాటకొస్తే ఎక్కువే ఉండేవి.

మేం కొత్త యంత్రాలకు వ్యతిరేకం కాదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 వచ్చింది. పొగ తగ్గితే ముందు బాగుపడేది బండి తోలేవాడి ఊపిరితిత్తులే. పొగ తగ్గించడానికి కంప్యూటరు కావాలంటే ఉండనీయండి. ఆ కంప్యూటరు చెప్పే మాట బండి కొన్న మనిషికి వినబడకూడదని ఏ కాలుష్య నిబంధనలోనూ లేదు. ఆ తాళం వేసింది వ్యాపారం.

ఇది మా ఒక్కరి గోల కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా సరిగ్గా ఈ విషయం మీదే తీర్పు చెప్పింది. విడిభాగాలు, లోపాలు కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారని 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. మన పల్లెల్లో తిరిగే బండ్లు తయారుచేసే కంపెనీలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. వాళ్ళు అప్పీళ్ళకు వెళ్ళారు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. మొదట ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ యంత్రాలు ఒకటి, వాహనాలు ఒకటి. ఆ ఏడాది చివర్లో ఒక పోర్టల్ తెరిచారు. కంపెనీల ఫోన్ నంబర్లు, మాన్యువళ్ళు అందులో పెట్టమన్నారు. మాన్యువల్ దొరకడం మంచిదే. ఇవ్వకపోతే శిక్ష ఏమిటో చెప్పే చట్టం మాత్రం రాలేదు.

అమెరికాలో వందల ఎకరాల రైతులకూ ఇదే గతి పట్టింది. ట్రాక్టరు ఆగితే కంపెనీ మనిషి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చేదాకా కోత ఆగాల్సిందే. అక్కడి రైతులు ఏళ్ళ తరబడి కొట్లాడారు. కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది. 2024 జనవరి 1 నుంచి అక్కడ వ్యవసాయ యంత్రాల కంపెనీలు విడిభాగాలు, సాఫ్ట్‌వేరు, మాన్యువళ్ళు రైతులకూ బయటి మెకానిక్కులకూ ఇవ్వాలి. రెండెకరాల రైతుకు ఆ హక్కు ఇంకా ఎక్కువ అవసరం. వాళ్ళ దగ్గర రెండో ట్రాక్టరు ఉంటుంది, మన దగ్గర ఉన్నది కూడా కిరాయిదే.

మన సంఘం అడిగేది ఇది. బండికి ఏ జబ్బు చేసిందో ఆ సంకేతం మీటరు బోర్డు మీదే, మనం చదవగలిగేలా కనబడాలి. ప్రతి బండితో పాటు వైరింగు బొమ్మ తెలుగులో ఇవ్వాలి. లోపాలు చదివే స్కానరు, దాని సాఫ్ట్‌వేరు న్యాయమైన ధరకు ఊరి మెకానిక్‌కి అమ్మాలి. ఐటీఐల్లో వాటి మీద శిక్షణ పెట్టాలి. యంత్రాలకు సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వానికి ఒక ప్రత్యేక బాధ్యత ఉంది. మరమ్మతు వివరాలు దాచిపెట్టే కంపెనీ యంత్రానికి ప్రజల డబ్బుతో సబ్సిడీ ఎందుకివ్వాలి? ఈ ప్రశ్న వ్యవసాయ శాఖకు రాతపూర్వకంగా పంపుతున్నాం.

దానికి మీ సాయం కావాలి. ట్రాక్టరు, పికప్పు, కోత మిషను, ఏదైనా సరే, చిన్న లోపానికి రోజుల తరబడి ఆగిపోయి ఉంటే ఆ తేదీలు, బిల్లు జిరాక్సు, ఆ రోజుల్లో పొలంలో పోయింది ఎంతో రాసి పంపండి. కోపంతో నాలుగు పేజీలు రాయక్కర్లేదు, తేదీలు, అంకెలు ఉంటే చాలు.

మా పికప్పు ఈ సీజనంతా నున్నకు తిరిగింది. మే నెలలో ఒక రోజు ముల్లు ఎర్ర గీత వైపు కదలగానే కుర్రాడు చెట్టు కింద బండి ఆపి, చల్లారాక నీళ్ళు పోసుకుని, పొద్దున పాటకు అందుకున్నాడు. పాత డ్యాష్‌బోర్డు సంఘం ఆఫీసులో బీరువా పక్కన ఉంది. అందులో స్పీడు కేబులు, లైట్ల స్విచ్చులు బాగానే ఉన్నాయి. అదే మోడల్ బండి ఉండి కావలసినవాళ్ళు స్క్రూడ్రైవరు తెచ్చుకుని విప్పుకుపోవచ్చు, డబ్బులక్కర్లేదు.