అర్జీలో ‘అండి’ ఉంటే తప్పేమిటి?

ఉంగుటూరు ప్రాంతపు రైతు తహసీల్దారు ముందు నిలబడి "మొన్న వానకి బోదె పొంగి చేనంతా మునిగిందండి, మీవాళ్లు పూడిక తియ్యలేదండి" అంటాడు. అదే మాట అర్జీలోకి వెళితే "విన్నవించుకొనునది ఏమనగా, పూడిక తీయబడనందున పంట ముంపునకు గురియైనది" అవుతుంది. అధికారికి రాసేటప్పుడు మర్యాద ఉండాలి కదా అంటారు. గోదావరి మాటకు ప్రతి క్రియ చివరా "అండి" ఉండనే ఉంది, ఇంకేం మర్యాద కావాలి? కాగితమెక్కగానే మాయమైంది "మీవాళ్లు" అన్న మాట, అంటే జవాబు చెప్పాల్సిన మనిషి. చట్టానికి కచ్చితత్వం అవసరమన్న వాదనను నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ కచ్చితత్వం భాషలోంచి రాదు. ఉదాహరణకు 1999లో కొల్లేరు అభయారణ్యానికి 120వ నంబరు జీవో గీసిన హద్దు ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత. దాన్ని తేల్చేది సర్వే కొలత, గ్రాంథికం కాదు. ఆ కాంటూరు గురించి కొల్లేటి లంక గ్రామాల జనం పాతికేళ్లుగా వాడుక మాటల్లోనే శుభ్రంగా వాదిస్తున్నారు. 1966 అధికార భాషా చట్టం తెలుగును కచేరీలోకి తెచ్చింది, గిడుగు రామమూర్తి ఏ వాడుక తెలుగు కోసం పోరాడారో అది మాత్రం గుమ్మం బయటే ఉండిపోయింది. రైతు చెప్పింది చెప్పినట్టే అర్జీలో రాయనివ్వాలి. పూడిక ఎవరు, ఏ తేదీకి తీయిస్తారో అధికారి కూడా అదే తెలుగులో రాసి సంతకం పెట్టాలి.