గబ్బిలానికి చట్టం అండ.. మరి మర్రిచెట్టుకు?

ఆదోని: పొద్దుగూకగానే మర్రిచెట్టు మీద నుంచి గుంపుగా లేచే పెద్ద గబ్బిలాలను అపశకునం అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చట్టం కూడా చాలాకాలం వీటిని మంచిగా చూడలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పండ్ల గబ్బిలాలు ఎలుకలు, కాకులతో పాటు ఐదో షెడ్యూల్‌లో ఉండేవి. అంటే చంపినా కేసు లేదు. 2022 సవరణతో పరిస్థితి మారింది. పెద్ద పండ్ల గబ్బిలం రెండో షెడ్యూల్‌లోకి వచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. ఉబ్బసం తగ్గుతుందన్న నమ్మకంతో మాంసం కోసం వేటాడినా ఇప్పుడు నేరమే.

అసలు చిక్కు ఎక్కడ?

పాకిస్తాన్ నుంచి మయన్మార్ దాకా, శ్రీలంకలోనూ ఈ జాతి కనిపిస్తుంది. అంతర్జాతీయ జాబితాలో ముప్పు తక్కువే. అయితే ఏడాదికి సాధారణంగా ఒక్క పిల్లే. ఒక గుంపు దెబ్బతింటే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు అడవి తక్కువ. పత్తి, వేరుశనగ పండే మెట్ట పొలాలే ఎక్కువ. ఇలాంటి చోట వందల గబ్బిలాలు పగలంతా వేలాడాలంటే చెరువు గట్టు మీదో, రోడ్డు పక్కనో ఉన్న పాత మర్రి, రావి, చింత చెట్లే దిక్కు. రోడ్డు వెడల్పు పేరుతో ముందు పోయేవీ అవే. కొత్తగా నాటిన మొక్క అంత చెట్టు కావాలంటే ఒక తరం పడుతుంది.

ఎండ మరో గండం. 2020 మేలో ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ జిల్లాలో వందలాది గబ్బిలాలు చనిపోయాయి. వడదెబ్బే కారణమని పరీక్షల్లో తేలింది. వేసవిలో 40 డిగ్రీలు దాటే కర్నూలు జిల్లాలో నీడ, దగ్గర్లో నీళ్లు రెండూ ఉండాల్సిందే.

రైతు మాటేంటి?

సపోటా, జామ, మామిడి తోటల్లో నష్టం నిజమే. కాపు మీద వలలు కప్పుకోవడమే దారి. ఇక ఇప్ప పూలకు పరాగ సంపర్కం చేసేది, మర్రి, మేడి విత్తనాలు మోసేది కూడా ఈ గబ్బిలాలే.

2018లో కేరళలో నిపా వచ్చాక భయం పెరిగింది. గబ్బిలం కొరికిన పండు తినకపోవడం, వాటిని ముట్టుకోకపోవడం మంచిదే. కానీ భయంతో చెట్టు కొట్టేస్తే అవి మాయమైపోవు. చోటు వెతుక్కుంటూ మరో చెట్టుకు, ఒక్కోసారి ఊళ్లోకే వస్తాయి.

చెట్ల నరికివేతను అదుపు చేసేందుకు 2002 నాటి వాల్టా చట్టం ఉంది. అనుమతి ఇచ్చే ముందు కొమ్మల వైపు కూడా ఒకసారి తలెత్తి చూస్తేనే రెండో షెడ్యూల్‌కు అర్థం.