నీడపట్టునే వడదెబ్బ

"ఎండలోకి అడుగే పెట్టలేదండీ, ఇంట్లోనే ఉంది." మే నెలలో స్పృహ తప్పిన తల్లిని ఆసుపత్రికి తెచ్చిన కొడుకుల నోట ఈ మాట నా వైద్యవృత్తిలో ఎన్నోసార్లు విన్నాను. వారి అయోమయం సహజమే. వడదెబ్బ అనగానే పొలంలోనో రోడ్డుమీదో కుప్పకూలిన మనిషి మన కళ్లముందు మెదులుతాడు. వైద్యశాస్త్రం మాత్రం రెండు రకాల వడదెబ్బను గుర్తించింది. ఒకటి, ఎండలో శ్రమించేవారికి వచ్చేది. రెండవది, ఏ శ్రమా లేకుండా ఉడుకెత్తిన గదిలో కొద్దిరోజులు మగ్గిన వృద్ధులకు, మంచం పట్టినవారికి వచ్చేది. అందుకే నేను అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, "మీ పైన ఇంకో అంతస్తు ఉందా?" అన్నది. "లేదండీ, మాదే ఆఖరిది" అనో, "రేకుల ఇల్లండీ" అనో జవాబు వచ్చేది.

ఈ అనుభవంతోనే ఒక మాట గట్టిగా చెప్పదలచాను. ఇంధన పొదుపు పేరిట మన దేశంలో వెలువడిన భవన నియమావళులు నిజానికి ఆరోగ్య చట్టాలు. వాటిని కరెంటు బిల్లు వ్యవహారంగా మాత్రమే చూడటం ఒక తప్పు. వాటి హద్దును పేదవాడి గడపకు చాలా దూరంలో నిలిపివేయడం అంతకంటే పెద్ద తప్పు.

ముందు మన నెత్తిమీది కప్పు సంగతి చూద్దాం. సిమెంటు స్లాబు పగలంతా ఎండను తాగుతుంది. తాగిన వేడిని వెంటనే విడిచిపెట్టదు. కొన్ని గంటల ఆలస్యంతో, సరిగ్గా మనం పక్క పరచుకునే వేళకు, కిందికి వదలడం మొదలుపెడుతుంది. బయట గాలి చల్లబడినా గది చల్లబడకపోవడానికి కారణం ఇదే. రేకుల ఇంటి కథ వేరు. అక్కడ ఆలస్యమే ఉండదు, మధ్యాహ్నానికే గది పొయ్యి అవుతుంది.

మన శరీరం 37 డిగ్రీల దగ్గర తన వేడిని నిలుపుకోవాలి. అందుకు గుండె చర్మానికి ఎక్కువ రక్తాన్ని పంపాలి, చెమట పట్టాలి, ఆ చెమట ఆరాలి. పగలు పడిన ఈ శ్రమనుంచి తేరుకోవడానికి శరీరానికి చల్లని రాత్రి కావాలి. రాత్రి కూడా గది ఉడుకుతూ ఉంటే గుండెకు, మూత్రపిండాలకు విశ్రాంతి దొరకదు. వయసు మళ్లినవారికి దాహం సరిగా తెలియదు. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే రక్తపోటు మాత్రలు, మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు ఈ ప్రమాదాన్ని ఇంకా పెంచుతాయి. (అలాగని వైద్యుణ్ణి అడగకుండా వాటిని మానకూడదు.) శరీరం లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, మనిషి తికమకగా మాట్లాడుతున్నాడంటే ప్రతి నిమిషమూ విలువైనదే.

ఇది నా ఊహ కాదు. 1995 జూలైలో అమెరికాలోని షికాగో నగరంలో వచ్చిన వడగాలులకు 700 మందికి పైగా చనిపోయారు. ఎవరు చనిపోయారు, ఎందుకు చనిపోయారు అని పరిశోధకులు ఆరా తీస్తే, ఒంటరితనం, మంచం పట్టి ఉండటంతోపాటు భవనపు పై అంతస్తులో నివసించడం కూడా ప్రాణాపాయ కారణంగా తేలింది. మనకు 2015 ఉంది. ఆ వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి అధికారిక లెక్కల ప్రకారమే వెయ్యిమందికి పైగా వడదెబ్బకు బలయ్యారు. ఇంట్లోనే కన్నుమూసి, "గుండె ఆగి పోయాడు" అని ఇరుగుపొరుగు సరిపెట్టుకున్నవారు ఆ లెక్కలో చేరడం అరుదు.

ఇక నియమాల సంగతి. 2001లో ఇంధన పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 2007లో పెద్ద వాణిజ్య భవనాలకు ఒక నియమావళి వెలువడింది, 2017లో దాన్ని సవరించారు. నివాస భవనాల కోసం 2018 డిసెంబరులో 'ఎకో నివాస్ సంహిత' వచ్చింది. 2022 నాటి చట్టసవరణ నివాస భవనాలను కూడా స్పష్టంగా చట్టం పరిధిలోకి తెచ్చింది. ఇవి చట్టబద్ధమైన కనీస ప్రమాణాలు. లీడ్, గృహ, ఐజీబీసీ వంటి పేర్లతో వచ్చే హరిత భవన గుర్తింపులు వేరు. అవి యజమాని ఇష్టపడి తెచ్చుకునే యోగ్యతా పత్రాలు. ఈ తేడా తెలియకనే ప్రకటనలో పచ్చని ఆకు బొమ్మ చూసి చాలామంది మోసపోతున్నారు.

ఆ సంహితలో ఏముంది? గోడలు, కిటికీల గుండా లోపలికి వచ్చే వేడి చదరపు మీటరుకు సగటున 15 వాట్లు మించరాదు. పైకప్పు గుండా వేడి ప్రసరించే రేటుకు కూడా ఒక గరిష్ఠ హద్దు ఉంది. పైన ఏ రక్షణా లేని మామూలు సిమెంటు స్లాబు ఆ హద్దుకు సుమారు మూడు రెట్ల వేడిని లోపలికి వదులుతుంది. గాలి విషయంలో ఇంకో నియమం ఉంది. తెరుచుకునే కిటికీల, తలుపుల వైశాల్యం, ఉక్కపోత ఎక్కువగా ఉండే కోస్తా వంటి ప్రాంతాల్లో ఇంటి నేల వైశాల్యంలో ఆరో వంతు, హైదరాబాదు వంటి చోట్ల ఎనిమిదో వంతు ఉండాలి. పక్కకు జరిపే రెండు తలుపుల కిటికీ సగమే తెరుచుకుంటుంది గనుక సగాన్నే లెక్కలోకి తీసుకుంటారు. గాలి ఆడని గదిలో క్షయ ఎలా పాకుతుందో కళ్లారా చూసిన నాకు ఈ ఒక్క నియమం ఎన్నో మందుచీట్లకు సమానంగా కనిపిస్తుంది.

ఇంత మంచి నియమాలు ఎవరికి వర్తిస్తాయి? 2018లో సంహిత పెట్టిన హద్దు 500 చదరపు మీటర్ల స్థలం. అంటే దాదాపు 600 గజాలు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం మెచ్చదగినదే. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు దాన్ని తప్పనిసరి చేశారు. నివాసాల దగ్గరకు వచ్చేసరికి మళ్లీ అదే గీత. 600 గజాలు, ఆపై స్థలమైతే తప్పనిసరి, అంతకు తక్కువైతే మీ ఇష్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పట్టణ పేదలకు పంచిన ఇంటి స్థలం ఒక సెంటు, అంటే 48 గజాలు. ఏసీ పెట్టుకోగల వారికి రక్షణ తప్పనిసరి, ఫ్యానుకు కూడా బిల్లు చూసుకునేవారికి ఐచ్ఛికం! ఏ జబ్బుకైనా టీకాను ఈ పద్ధతిలో పంచితే మనం ఊరుకుంటామా?

దీనికి అధికారులు చెప్పే సమాధానం నాకు తెలుసు. చిన్న ఇళ్లమీద నిబంధన పెడితే పేదలపై భారం పడుతుందట, లక్షల ఇళ్లను తనిఖీ చేయలేరట. మొదటి వాదంలో కొంత నిజముంది. గోడలకు, కిటికీ అద్దాలకు సంబంధించిన లెక్కలన్నీ ఒక సెంటు ఇంటిమీద రుద్దమని నేనూ అనను. కప్పు ఒక్కదాన్నే పట్టుకోమంటున్నాను. డాబాపై తెల్ల సున్నమో, ఎండను తిప్పికొట్టే పూతో వేయడానికయ్యే ఖర్చు ఇంటి ఖర్చులో ఎన్నో వంతు? ప్రభుత్వం కట్టించే ఇంటికి ఆ ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవచ్చు. రెండవ వాదం నిలవదు. తెల్లని కప్పు వీధిలోంచి కాకపోయినా ఆకాశంలోంచి కనిపిస్తుంది. పన్ను వేయడానికి ప్రతి ఇంటినీ కొలవగలిగిన పురపాలక సంఘం, ప్రాణం కాపాడటానికి కప్పు రంగు చూడలేదా? పైగా స్థలం హద్దును రాష్ట్రాలు, స్థానిక సంస్థలు తగ్గించుకోవచ్చని 2018 సంహితే చెప్పింది. అధికారం ఉంది, లేనిది సంకల్పం.

"ఎవరి ఇల్లు వారిష్టం" అనేవారూ ఉన్నారు. అద్దె ఇంటి పై అంతస్తులో ఉండే ముసలమ్మకు కప్పుమీద ఏ ఇష్టం చెల్లుతుంది? వసతిగృహంలో పడుకునే పిల్లవాడికి? ఆసుపత్రి పై అంతస్తు వార్డులో ఉన్న బాలింతకు?

కాబట్టి నేను కోరేవి మూడే. ప్రభుత్వం కట్టే, కట్టించే ప్రతి ఇంటికీ ఎన్ని గజాలన్నది చూడకుండా చల్లని కప్పు తప్పనిసరి చేయాలి. ఆసుపత్రులు, బడులు, వసతిగృహాల పాత కప్పులకు వచ్చే వేసవికి ముందే పూత వేయాలి. వడదెబ్బ మరణాలను నమోదు చేసేటప్పుడు మనిషి ఎక్కడ పడిపోయాడో, ఏ కప్పు కింద ఉన్నాడో కూడా రాయాలి. రాయని కారణాన్ని ఏ ప్రభుత్వమూ సరిదిద్దదు.

ఈలోగా మనం చేయగలిగిందీ ఉంది. పూర్వం ఏటా గోడలకు సున్నం వేసినట్టు, ఫిబ్రవరి నెలాఖరుకు డాబాకు తెల్ల పూత వేయండి. సున్నం వానకు కొట్టుకుపోతుంది గనుక ఏటా మళ్లీ వేయాలి. వృద్ధులను వేసవిలో కింది అంతస్తుకు మార్చండి. ఫ్లాటు కొనబోయేటప్పుడు ఈతకొలను గురించి అడిగే ముందు కప్పుకు ఏ రక్షణ ఉందో, కిటికీ ఎంత మేర తెరుచుకుంటుందో అడగండి. బిల్డరు తడబడితే అదే మీకు జవాబు.

మట్టిమిద్దెలు, పెంకుటిళ్లు కట్టిన మన తాతలకు వాట్ల లెక్కలు తెలియవు. అయినా వేసవి రాత్రి ఇంట్లో పడుకున్నవారు తెల్లవారి లేవాలన్న ఇంగితం వారి కప్పులో ఉండేది. ఆ ఇంగితాన్ని మన చట్టం 600 గజాల దగ్గర ఆపేయడాన్ని వైద్యునిగా నేను ఒప్పుకోలేను.