మైకు ఎవరి చేతిలో ఉండాలి?



మన గోడపత్రికలో ఆటగాళ్ళ గురించి రాస్తే ఎన్ని కప్పులు గెలిచారో రాస్తాం. నేను రాయబోయే ఆమె కప్పులు బాగానే గెలిచింది. కానీ నేను రాసేది ముఖ్యంగా ఆమె మాట గురించి.

ఆమె పేరు అలెక్స్ స్కాట్. 1984లో పుట్టింది. లండన్ తూర్పు వైపున పోప్లర్ అనే పేదవాళ్ళ పేటలో, ప్రభుత్వం కట్టించిన ఇళ్ళలో పెరిగింది. తల్లే పెంచింది. ఎనిమిదేళ్ళ వయసులో ఆర్సెనల్ క్లబ్బులో చేరింది. అంటే మన మూడో తరగతి పిల్లంత.

ఆ దేశంలో ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌కు ఒక కథ ఉంది, అది తెలియకపోతే ఈమె సంగతి అర్థం కాదు. 1920 డిసెంబరులో ఒక ఆడవాళ్ళ మ్యాచ్‌కు 53 వేల మంది జనం వచ్చారు. ఆ మరుసటి ఏడే, 1921లో, అక్కడి ఫుట్‌బాల్ సంఘం పెద్దలు ఈ ఆట ఆడవాళ్ళకు తగదని చెప్పి, తమ క్లబ్బుల మైదానాల్లో ఆడనివ్వకుండా చేశారు. దాదాపు 50 ఏళ్ళు ఆ ఆంక్ష నడిచింది. జనం రాక ఆపారా, జనం వచ్చారని ఆపారా? మీరే ఆలోచించండి.

అందుకే అలెక్స్ స్కాట్ ఆడే రోజుల్లో కూడా ఆడవాళ్ళకు డబ్బు ఉండేది కాదు. ఆర్సెనల్‌కు ఆడుతూనే, అదే క్లబ్బులో మగ ఆటగాళ్ళ బట్టలు ఉతికే చోట పని చేసింది. ఆదివారం బోరు దగ్గర లైను కట్టే మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే మనం మన బట్టలే ఉతుక్కుంటాం.

ఆమెది కుడి వైపు వెనక ఉండి కాపు కాసే స్థానం. గోలు కొట్టడం ఆమె పని కాదు. అయినా 2007లో యూరప్ క్లబ్బుల కప్పు ఫైనల్లో, స్వీడన్ దేశపు ఉమియో జట్టు మీద, ఆట అయిపోయే వేళకు దూరం నుంచి కొట్టింది. ఆ ఫైనల్ రెండు మ్యాచులు. రెండో దాంట్లో ఎవరికీ గోలు రాలేదు. కప్పు మొత్తం ఆ ఒక్క గోలు మీదే వచ్చింది! 2025లో మళ్ళీ ఆర్సెనలే గెలిచేదాకా ఇంగ్లాండులో ఇంకే జట్టుకూ ఆ కప్పు రాలేదు. దేశం తరఫున ఆమె 140 మ్యాచులు ఆడింది. మధ్యలో కొన్నాళ్ళు అమెరికాలో కూడా ఆడింది. 2011లో 16 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల కోసం ఒక కాలేజీతో కలిసి అకాడమీ పెట్టింది. అక్కడ చదువు, ఆట రెండూ నేర్పేవారు. ఇది నాకు నచ్చింది, ఎందుకంటే మన దగ్గర ఆడితే చదువు పోతుందంటారు, చదివితే ఆట ఎందుకంటారు.

2018లో ఆట మానేసింది. అదే సంవత్సరం రష్యాలో మగవాళ్ళ ప్రపంచ కప్పు జరిగితే, బీబీసీలో కూర్చుని ఆట ఎలా సాగిందో విడమరిచి చెప్పింది. ప్రపంచ కప్పులో బీబీసీకి అలా చెప్పిన మొదటి ఆడమనిషి ఆమే. ఊరికే వెళ్ళి కూర్చోలేదు. క్రీడల గురించి రాయడం, మాట్లాడడం మీద యూనివర్సిటీలో డిగ్రీ చదివింది. అయినా ఆడది కాబట్టే పని ఇచ్చారని చాలామంది తిట్టారు.

ఇక అసలు సంగతి. 2021లో టోక్యో ఒలింపిక్స్ కార్యక్రమం ఆమె నడుపుతుంటే, ఒకప్పుడు మంత్రిగా చేసిన ఒక లార్డ్ గారు ఆమెకు మాట్లాడడం రాదన్నాడు. కారణమేంటంటే, స్విమ్మింగ్ అనాల్సిన చోట స్విమ్మిన్ అన్నట్టు, మాట చివర 'గ్' పలకదట. ఆమె ఊరుకోలేదు. నేను పోప్లర్‌లో పనివాళ్ళ ఇంటి పిల్లని, నా యాసంటే నాకు గర్వమని జవాబు చెప్పింది. యాస మార్చుకోలేదు. ఆ 'గ్' లేకపోతే ఈత కొట్టేవాళ్ళు మునిగిపోతారా?

ఇది చదివినప్పుడు నాకు మనమే గుర్తొచ్చాం. మా ఇంట్లో కోయ భాష. తెలుగు నేను బళ్ళోనే నేర్చుకున్నా. మా అమ్మా నాయనా వేలిముద్ర వేస్తారు. మాలో కొందరికి 'ల'కి 'ళ'కి తేడా నోట్లో పలకదు. లంబాడీ అక్కలకు వేరే ఇబ్బంది, కొండరెడ్డి చెల్లెళ్ళకు వేరే. ప్రేయర్లో వార్తలు చదివితే వెనక వరసలో కిసకిసమంటారు. అందుకని ఆటలపోటీల్లో ఆడేది అందరం, మైకు పట్టేది మాత్రం ఎప్పుడూ ఆ ఇద్దరు ముగ్గురే. వాళ్ళ మాట శుభ్రంగా ఉంటుందని పెద్దవాళ్ళు అంటారు.

పెద్దవాళ్ళ మాటలో కూడా న్యాయం ఉంది. ఆఫీసర్లు వస్తారు, వాళ్ళకు అర్థం కావాలి. పరీక్షలో 'ళ' బదులు 'ల' రాస్తే మార్కు పోతుంది, అది నేర్చుకోవాల్సిందే. నేర్చుకోవద్దని నేను అనట్లేదు. అలెక్స్ స్కాట్ కూడా చదువుకునే వెళ్ళింది కదా. కానీ పరీక్ష వేరు, కబడ్డీ వేరు. రైడర్ ఎటు కాలు చాపిందో, కార్నర్ పిల్ల ఎందుకు తొందరపడి పట్టిందో చెప్పడానికి ఆట తెలియాలి. భూమి పండగకి వేటకెళ్ళొచ్చినోళ్ళు ఊళ్ళో కూర్చుని, జంతువు ఎటు తిరిగింది, ఎవరు ఎక్కడ కాపు కాశారు అని చెప్తుంటే ముసలోళ్ళు కూడా నోరు తెరుచుకుని వింటారు. వాళ్ళకు 'ళ' ఎవరు నేర్పారు?

మన నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్ళిన గుగులోత్ సౌమ్య అక్క దేశానికి ఆడింది. 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. రేపు ఆ అక్క ఆట మానేశాక టీవీలో మ్యాచ్ గురించి చెప్తే నేను వినాలనుకుంటున్నా. తండా యాసలోనే వినాలనుకుంటున్నా.

వార్డెన్ మేడం గారికి నా మనవి ఏంటంటే, జనవరి 26 ఆటలకు మైకు వంతుల ప్రకారం ఇవ్వండి. ఒక మ్యాచ్‌కు ఇద్దరు. ఒకరు తెలుగులో చెప్తారు, ఒకరు కోయలోనో లంబాడీలోనో చెప్తారు. ముందు వారం రోజులు సాయంత్రం స్టడీ అయ్యాక మైకు లేకుండానే ప్రాక్టీసు చేస్తాం. పేర్లు పి.ఇ.టి. మేడం దగ్గర ఇవ్వొచ్చు. కబడ్డీకి నా పేరు రాసుకోండి. ఖోఖోకి వద్దు, అందులో నేను ఆడుతున్నా.

— 9వ తరగతి విద్యార్థిని