నుమాయిష్‌లో ‘ముల్కీ’ వాటా ఎంత?

అబిడ్స్: జనవరి వచ్చిందంటే నాంపల్లి దారులన్నీ ఎగ్జిబిషన్ మైదానం వైపే సాగుతాయి. గాంధీభవన్ మెట్రో స్టేషన్‌లో దిగినవారు, అబిడ్స్‌లో కొనుగోళ్లు ముగించుకుని మొజంజాహీ మార్కెట్ మీదుగా నడిచి వచ్చేవారు, జిల్లాల నుంచి రైలెక్కి నాంపల్లి స్టేషన్‌కు చేరేవారు సాయంత్రమయ్యేసరికి ఒకే జనప్రవాహంలో కలుస్తారు. అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అన్నది అధికారిక నామధేయం. జనం నోట మాత్రం అది నుమాయిషే. మామూలుగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 వరకు సాగే ఈ సంతలో కాశ్మీరు శాలువాలు, లక్నో చికన్ కుర్తాలు, సహారన్‌పూర్ కొయ్య సామాను, ఖుర్జా పింగాణీ పాత్రలు ఒకచోట దొరుకుతాయి. మిర్చిబజ్జీ, బొమ్మ రైలు సరేసరి. పిల్లలతో వచ్చిన కుటుంబం ఆ రెండింటినీ దాటి హస్తకళల వరుసల వరకు చేరడమే గగనం.

అలా చేరినవారికి ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. చెరియాల, పెంబర్తి, నిర్మల్, పుట్టపాక, కొండపల్లి, ఏటికొప్పాక వంటి మన ఊళ్ల పనితనానికి ఈ ప్రాంగణంలో దక్కుతున్న చోటు ఎంత? దక్కిన చోట కూర్చున్నది ఆ వస్తువును తయారు చేసినవాడా, కొని తెచ్చి అమ్ముకునేవాడా?

రెండున్నర రూపాయలతో మొదలు

ఈ ప్రశ్న ఇక్కడ అడగడానికి కారణం నుమాయిష్ పుట్టుకలోనే ఉంది. సంస్థాన ఆర్థిక పరిస్థితులపై సర్వే చేయించాలని ఉస్మానియా పట్టభద్రుల సంఘం తలపెట్టింది. అందుకు నిధులు కావాలి. ఆ అవసరంలోంచి వచ్చిన ఆలోచనే ప్రదర్శన. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో సుమారు వంద దుకాణాలతో దీనిని ఏర్పాటు చేయగా ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించారు. నిర్వాహకుల చేతిలోని మూలధనం రెండున్నర రూపాయలని చెబుతారు. అప్పటి పేరు ‘నుమాయిష్ మస్నూఆతె ముల్కీ’. అంటే స్వదేశీ ఉత్పత్తుల ప్రదర్శన. ముల్కీ అన్న మాటకు ఆనాడు సంస్థానానికి చెందినది అని అర్థం.

పక్కనే ఉన్న అబిడ్స్‌తో పోల్చి చూస్తే ఆ పేరు బరువు తెలుస్తుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ నడిపిన దుకాణం వల్లే ఈ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. విదేశీ సరుకుకు అబిడ్స్ చిరునామా కాగా, దానికి కూతవేటు దూరంలో స్థానిక వస్తువుకు ఒక వేదిక కట్టాలని కొందరు విద్యావంతులు తలచారు.

స్థలం చాలక ప్రదర్శన 1946లో ప్రస్తుత మైదానానికి మారింది. అప్పుడు ప్రధాని సర్ మీర్జా ఇస్మాయిల్. 1947, 1948 సంవత్సరాల కల్లోలంలో నుమాయిష్ జరగలేదు. 1949లో గవర్నర్ జనరల్ సి.రాజగోపాలాచారి ప్రారంభించే నాటికి సంస్థానం భారతదేశంలో కలిసిపోయింది. ‘ముల్కీ’ స్థానంలో ‘అఖిల భారత’ వచ్చింది. కాలానికి తగిన మార్పే. అయితే పేరుతోపాటు తొలి లక్ష్యం కూడా మెల్లగా వెనక్కి జరిగింది.

ఏది మగ్గం, ఏది అచ్చు?

స్థానిక హస్తకళకు అసలు పోటీ కాశ్మీరు నుంచో లక్నో నుంచో రావడం లేదు. సొంత నకలు నుంచే వస్తోంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు లభించింది. ఇక్కత్‌లో నూలును ముందే కట్లు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు. అందుకే వస్త్రానికి రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. నమూనా అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. అదే నమూనాను మిల్లు గుడ్డపై అచ్చు వేస్తే అంచులు గీత గీసినట్టు ఉంటాయి, వెనుక వైపు రంగు వెలవెలబోతుంది. ధరలో మాత్రం పొంతనే ఉండదు. జనసందోహంలో, రంగురంగుల దీపాల కింద, ఒక చేత్తో పిల్లవాణ్ని పట్టుకున్న గృహిణి చీరను తిరగేసి చూస్తుందా? చూడకపోతే తప్పు ఆమెది కాదు.

కలంకారీది మరింత చిక్కు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, పెడనలో చెక్క దిమ్మెలతో అద్దుతారు. రెండూ చేతిపనులే. ఈ రెండింటి మధ్య చొరబడిన స్క్రీన్ ప్రింట్ బట్ట కూడా కలంకారీగానే చెలామణీ అవుతోంది. కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డపై రోజుల తరబడి గీసిన చిత్రానికి, గంటల్లో వందల గజాలు దిగే అచ్చుకు ఒకే పేరు చెల్లుతుంటే నష్టం ఎవరికో వేరే చెప్పనక్కరలేదు.

చట్టం లేక కాదు. 1999లో ఆమోదం పొంది 2003 నుంచి అమలులో ఉన్న భౌగోళిక సూచికల చట్టం ప్రకారం తప్పుడు గుర్తింపుతో సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా. కానీ మగ్గం వదిలి కోర్టు మెట్లెక్కే స్తోమత నేతగాడికి ఎక్కడిది? అందుకే నకలును దుకాణం తెరిచేటప్పుడే పట్టుకోవాలి. దుకాణం కేటాయించేటప్పుడే చేనేత, మరనేత అన్న బోర్డును తప్పనిసరి చేయడం నిర్వాహకుల చేతిలోని పని. దానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు.

నలభై అయిదు రోజుల లెక్క

తయారీదారు స్వయంగా రాకపోవడానికి మరో కారణం ఆ 45 రోజులే. చెరియాల నకాషీ చిత్రకారుణ్నే తీసుకుందాం. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పూసి, ఆరబెట్టి, ఎర్రని నేపథ్యంపై కథ గీయాలి. చేసేది ఒక కుటుంబం. పటం చూపుతూ కులపురాణాలు చెప్పే కాకిపడగలవారి వంటి పోషకులు తగ్గిపోయాక ఆ కుటుంబం గోడకు వేలాడే చిన్న పటాలు, మాస్కులు, బొమ్మలతో నెట్టుకొస్తోంది. ఇంటిపెద్ద నెలన్నర నాంపల్లిలో కూర్చుంటే అక్కడ పని ఆగుతుంది. తెచ్చిన సరుకు పది రోజుల్లో అయిపోతే మిగిలిన రోజులకు అమ్మడానికి వస్తువుండదు, అద్దె మాత్రం ఉంటుంది. నలుగురి దగ్గర సరుకు కొని నింపగల వ్యాపారికే ఈ పద్ధతి లాభసాటి. పెంబర్తిలో ఇత్తడి రేకుపై నగిషీ చెక్కే విశ్వకర్మకైనా, పొణికి కర్రతో బొమ్మ చెక్కే నిర్మల్ కళాకారుడికైనా లెక్క ఇంతే.

ఢిల్లీ హాట్‌లో దీనికి విరుగుడు ఎప్పుడో కనుగొన్నారు. 1994లో ప్రారంభమైన ఆ ప్రాంగణంలో గుర్తింపు కార్డున్న కళాకారులకు నామమాత్రపు అద్దెపై దుకాణాలిస్తూ, పదిహేను రోజులకొకసారి కొత్తవారికి అవకాశం కల్పించే పద్ధతి పెట్టారు. నుమాయిష్ నలభై అయిదు రోజులు సరిగ్గా మూడు విడతలు. ఒక్కో దుకాణంలో ముగ్గురు కళాకారులకు చోటు దొరుకుతుంది. కేంద్ర హస్తకళల కమిషనర్ కార్యాలయం 2016 నుంచి ‘పెహచాన్’ కార్డులు జారీ చేస్తోంది కనుక అసలు కళాకారుడెవరో తేల్చడం కష్టమేమీ కాదు.

ముప్పు మరొకటి కూడా ఉంది. 2019 జనవరి 30 రాత్రి మైదానంలో చెలరేగిన మంటల్లో దుకాణాలు వందల సంఖ్యలో కాలిపోయాయి. ప్రాణనష్టం తప్పినా సరుకు బూడిదైంది. దుకాణాల మధ్య ఎడం, నీటి వ్యవస్థ వంటి జాగ్రత్తలు ఆ తర్వాత పెరిగాయి. పెద్ద వ్యాపారి మరో సీజన్‌కు కోలుకుంటాడు. ఏడాది పనినంతా ఒక పెట్టెలో సర్దుకుని వచ్చిన చేతిపనివాడికి ఆ వెసులుబాటు లేదు. దుకాణం అద్దెలోనే సరుకు బీమాను కలిపితే అతనికి కొంత ధైర్యం.

ఖర్చు ఎవరు భరించాలన్నది తేలవలసిన విషయం. ఎగ్జిబిషన్ సొసైటీ లాభాపేక్ష లేని సంస్థ. దుకాణాల అద్దె, టిక్కెట్ల రాబడి కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం వంటి విద్యాసంస్థల నిర్వహణకు వెళుతోంది. అద్దె తగ్గించమంటే ఆ మేరకు ఆడపిల్లల చదువు నిధికి కోత పెట్టమన్నట్టే అవుతుంది. కాబట్టి ఆ తేడాను ‘గోల్కొండ’, ‘లేపాక్షి’ పేర్లతో దుకాణాలు నడిపే రెండు రాష్ట్రాల హస్తకళల అభివృద్ధి సంస్థలు చెల్లించడమే న్యాయం. దుకాణాల కేటాయింపు జనవరికి చాలా ముందే జరుగుతుంది. సంస్థలు కదలవలసింది కూడా అప్పుడే.