సీజరా, ఫారోనా? ఏ ఆటలో మన పెద్దవాగు కనిపిస్తుంది?

పరీక్షకీ ఇంటర్వ్యూకీ మధ్య ఖాళీలో ఆట ఆడితే తప్పేం లేదు. ఏ ఆట అన్నదే ప్రశ్న. డబ్బు పందెం పెట్టే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఆ దారి వదిలేయండి. ఒకసారి కొనుక్కుని, నెట్ లేకపోయినా ఆడుకునే నగర నిర్మాణ ఆటలకు ఆ గొడవ లేదు. వాటిలో పాతవైనా ఇప్పటికీ నిలిచినవి రెండు: 'సీజర్ 3' (1998), 'ఫారో' (1999). రెండూ ఇంప్రెషన్స్ గేమ్స్ సంస్థవే.

సీజర్‌లో మీరు రోమన్ గవర్నర్. నీళ్లు, తిండి, గుడి, బడి అందితేనే ఇళ్లు ఎదుగుతాయి. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు చూడాల్సింది అందులోని లేబర్ పేజీ. పనులకు మించి ఇళ్లు కట్టేశారా, నిరుద్యోగ శాతం పెరుగుతుంది, జనంలో అసంతృప్తి రాజుకుంటుంది, చివరికి దొంగతనాలు, అల్లర్లు. పోనీ జీతాలు పెంచుదామంటే ఖజానా ఖాళీ. ఎకానమీ పేపర్ కోసం బట్టీ పట్టే పాఠమే ఇది, కాకపోతే ఇక్కడ దెబ్బ తగిలి తెలుస్తుంది.

ఫారో సంగతి వేరు. అక్కడంతా నైలు దయ. ఏటా వరద వస్తుంది, పొలాలు మునుగుతాయి, ఒండ్రు మిగులుతుంది. నీళ్లున్నన్నాళ్లూ పొలం పని ఉండదు కనుక అదే కూలీలు పిరమిడ్ల పనికి వెళ్తారు. వరద తక్కువైన ఏడు తిండికి కటకట. ధాన్యం నిల్వ లేకపోతే ఊరు ఖాళీ.

అశ్వారావుపేట వాళ్లకు ఈపాటికి పెద్దవాగు గుర్తొచ్చి ఉండాలి. 2024 జులై 18న కుండపోత వానకు గుమ్మడవల్లి దగ్గర ప్రాజెక్టు కట్ట తెగింది. నీళ్లు మన మండలంతో ఆగలేదు, దిగువన ఏలూరు జిల్లా వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊళ్ల మీద పడ్డాయి. ప్రాజెక్టేమో తెలంగాణలో, ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రలో. మరి మరమ్మతు ఖర్చు ఎవరిది? గేట్ల బాధ్యత ఎవరిది? 2014 విభజన చట్టం, గోదావరి నదీ యాజమాన్య బోర్డు అంటూ సిలబస్‌లో చదివేదంతా మన పక్క ఊళ్లోనే ఉంది. ఫారోలో ఈ తగువు రాదు, నది మొత్తానికీ రాజు ఒక్కడే. ఆటకీ వాస్తవానికీ తేడా అక్కడే. ఇంటర్వ్యూ బోర్డు ముందు చెప్పదగ్గ పాయింటూ అదే.

ఇక ఏది కొనాలి? అగ్రికల్చర్ చదివేవాళ్లు, ఇరిగేషన్, రెవెన్యూ ఉద్యోగాల మీద కన్నేసినవాళ్లు ఫారో తీసుకోండి. 2023లో 'ఎ న్యూ ఎరా' పేరుతో కొత్త రూపంలో వచ్చింది. లాప్‌టాప్ బాగా పాతదైతే మాత్రం పాత ఆటలే నయం. కోడింగ్ వైపు వెళ్లేవాళ్లకు నా ఓటు సీజర్‌కే. దాన్ని నేటి కంప్యూటర్లలో నడిపే 'జూలియస్', 'అగస్టస్' ప్రోగ్రాములు ఓపెన్ సోర్స్, కోడ్ ఎవరైనా తెరిచి చూడొచ్చు, మార్చొచ్చు. అసలు ఆట కాపీ మాత్రం మీరు కొనుక్కోవాలి. గేమ్ స్టూడియోకి పంపే రెజ్యూమెలో 'హాబీ: గేమింగ్' అనే ముక్క కంటే, ఆ కోడ్‌లో మీరు సరిచేసిన ఒక్క తప్పుకు విలువెక్కువ.

ఒక్కో మిషన్ గంటలకు గంటలు తినేస్తుంది. అలారం పెట్టుకుని కూర్చోండి. ప్రిలిమ్స్ నెలలోనైతే ఇన్‌స్టాలే చేయొద్దు.